రెండు సీట్ల కారులో పెదనాన్న

నెల కిందట ఒక బుధవారం సాయంత్రం నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, పక్కింటి పెద్దమ్మ గోడ అవతల నుంచి పిలిచింది. "మీ పెదనాన్న లేవట్లేదు అమ్మాయ్" అంది. వెళ్లి చూశాను. పడక్కుర్చీలో ఒరిగి, నిద్రపోయినట్టే ఉన్నారు, ఊపిరి లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మా రెండిళ్లకూ గోడ ఒక్కటే, అందుకే పెదనాన్న. మాచర్ల రూట్లో ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. రిటైరయ్యాక హైదరాబాదులో ఎవరి షెడ్డులోనో పడి ఉన్న పాత స్పోర్ట్స్ కారును లారీ మీద తెచ్చుకున్నారు. రెండే సీట్లు, మడిచేసే టాపు. రెండేళ్లు కూర్చుని దాన్ని బాగుచేశారు. ఈ వయసులో ఇదేంది అని వీధంతా నవ్వింది. "ముప్పై ఏళ్లు యాభై మందిని ఎక్కించుకొని తిప్పా. ఇప్పుడు పక్కన ఒక్కరుంటే చాలు" అన్నారాయన.

ప్రతి ఆదివారం తెల్లవారగానే బయల్దేరేవారు. ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు చూసి, తువ్వాలుతో అద్దాలు తుడిచేవారు. ఊళ్లలో ఆయన కారు ఎంత నెమ్మదిగా పోయేదంటే, రోడ్డు పక్కన పడుకున్న కుక్కలు తల కూడా ఎత్తేవి కావు. మేకలు అడ్డమొస్తే హారన్ కొట్టేవారు కాదు. ఊళ్లో రోడ్డంటే ఎవరో ఒకరి వాకిలేనని ఆయన లెక్క.

మూడేళ్ల కిందట నా స్కూటీ ఒక లారీని వెనక నుంచి గుద్దుకుని కాలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. ఇంట్లో కారున్నా స్టీరింగు ముట్టుకోలేకపోయాను. అప్పుడే గురజాల వైపు ఒక ఊరి బడికి ట్రాన్స్‌ఫర్ అయింది. ఉద్యోగం మానేస్తానని పెద్దమ్మతో అన్నాను. ఆ ఆదివారం ఆయన నన్ను రమ్మన్నారు.

మాచర్ల దాటాక ఇద్దరు కుర్రాళ్లు కారులో పక్కకొచ్చి ఇంజను రొద చేశారు. పందేనికి పిలుపన్నమాట. పెదనాన్న నెమ్మదించి, వెళ్లమని చెయ్యి ఊపారు. మన బండి వాళ్ల దాని కంటే జోరుగా పరిగెత్తదా అని అడిగాను.

"పరిగెత్తుద్ది. ఎదురొచ్చేవాడు నన్నేం చేశాడమ్మా?"

వాళ్లు కనుమరుగయ్యాక, ఖాళీ రోడ్డు మీద కొండ మలుపులు మొదలయ్యాయి. మలుపుకు ముందే బ్రేకు, ఒక గేరు కిందికి, ఆవల దారి కనపడ్డాక మెల్లగా యాక్సిలరేటర్. కారు తన వైపు గీత దాటకుండా, రోడ్డుకు కుట్టేసినట్టు తిరిగింది. నాకు తెలియకుండానే నవ్వాను. ఆయన మీటరు చూపించారు. అరవై కూడా దాటలేదు.

ఎత్తిపోతల జలపాతం చూసి తిరిగొస్తుంటే ఒక ముసలావిడ సగం రోడ్డు మీద మిరపకాయలు ఆరబోస్తోంది. ఆయన బండి ఆపేశారు. ఆవిడ కారును పైనించి కిందికి చూసి, "ఏందయ్యా ఇది, పీటేసుకొని కూర్చున్నట్టుంది" అంది. ఎక్కుతావా అని అడిగారు. ఆవిడ మారుమాట లేకుండా నన్ను మిరపకాయలకు కాపలా పెట్టి ఎక్కింది. తన చేను చివరి దాకా వెళ్లొచ్చి, దిగాక నా దోసిట్లో గుప్పెడు కాయలు పోసింది.

అప్పుడు పెదనాన్న తాళంచెవి నా చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. నేను స్టీరింగు ముందుకు మారాను. ఆయన పాఠాలేమీ చెప్పలేదు.

"దూరంగా చూడు. బండి నీ చూపెనకే వస్తది" అన్నారంతే.

నలభై దాటకుండా గురజాల దాకా నడిపాను. నెల తిరక్కుండానే మా కారులో బడికి వెళ్లడం మొదలుపెట్టాను. ఇప్పటికీ వెళ్తున్నాను.

మొన్న ఆదివారం పెద్దమ్మ తయారై వచ్చి, వెల్దుర్తిలో చెల్లెల్ని చూసొద్దాం, పెదనాన్న బండే తియ్యమంది. చివరి ఊరు దాటి, రోడ్డు తిన్నగా, ఖాళీగా కనపడ్డప్పుడు, "కొంచెం తొక్కమ్మా" అంది. గేరు మార్చాను. ఆమె కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. గాలికి ముడి ఊడి తెల్ల జుట్టంతా వెనక్కి ఎగురుతోంది. కట్టుకోలేదు. కళ్లు మూసుకుని, గడ్డం కాస్త పైకెత్తి, అలాగే కూర్చుంది.