గట్టయ్య పట్టు

నాంపల్లి స్టేషన్‌లో మూటలు మోసే గట్టయ్య భుజాలు చూసి ఆబిడ్స్‌లోని చైనా పళ్ల డాక్టర్ లియాంగ్ పిలిచి కొలువిచ్చాడు. పన్ను పీకేటప్పుడు రోగి తల కదలకుండా పట్టుకోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నొక్కితే నొప్పి తగ్గుతుందని తన దేశపు వైద్యమూ నేర్పాడు.

1952 ఎండాకాలంలో ఒకడు దవడ నొప్పంటూ వచ్చాడు. పుక్కిలించమని నీళ్లు చూపగానే గొంతు బిగుసుకుపోయి, నురగ కక్కుతూ కుర్చీని తన్నేశాడు.

"ఏందిరా, నీళ్లకే గింత భయమా!" అంటూ గట్టయ్య వాడి వేళ్ల నడుమ నొక్కబోయాడు. వాడు గట్టయ్య చేతినే ఎముక దాకా కొరికాడు.

"వీన్ని కుక్క కరిచిందా?" లియాంగ్ అరిచాడు.

"ఔ సాబ్, మొన్న చలికాలంల," అంది తోడొచ్చిన తల్లి.

జనం వాణ్ణి తాళ్లతో కట్టేశారు.

"పిచ్చికుక్క విషం నీ చేతిల దిగింది గట్టయ్యా. జల్ది యాసిడ్‌తో కాల్చాలె," అన్నాడు లియాంగ్.

"కాల్చు సాబ్!"

యాసిడ్ పడగానే మాంసం తెల్లగా ఉడికింది. గట్టయ్య రెండో చేత్తో డాక్టర్ ముక్కు పగలగొట్టాడు.

"కొట్టు, ఎంతన్న కొట్టు! గీ చెయ్యి మాత్రం గుంజకు!"

మళ్లీ కొట్టాడు. చెయ్యి మాత్రం గుంజుకోలేదు. ఆ తర్వాత దవాఖానలో బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకుని గట్టయ్య బతికాడు. డాక్టర్ ముక్కే వంకరపోయింది.