నేను కనిపెట్టిన శ్వేతకుబ్జం

ఒక్క సాయంత్రంలో తన పరువు, మేనమామ పరువు, పైన ఆకాశం పరువు కలిపి గంగలో కలిపినవాణ్ణి మీరు చూసి ఉండరు. ఇదిగో, చూడండి, నేనే.

ఎనభైల మొదట్లో మాట. ఎమ్మెస్సీ ప్యాసై పరిశోధన సీటు కోసం ఎదురుచూస్తున్నాను. సీటు రాకపోతే నందిగామలో నాన్న మిర్చి కొట్లో కూర్చోవాలి. నాకా, మిరపకాయ పేరెత్తితేనే తుమ్ములు! అందుకే జగ్గయ్యపేట పక్కన మావయ్య పొలంలో, మోటారు షెడ్డు మీద ఒక టెలిస్కోపు, దానికి వెలుగు కొలిచే మీటరు బిగించాను.

నేను వెతికేది అయస్కాంత శ్వేతకుబ్జాన్ని. అంటే ముసలి మరుగుజ్జు నక్షత్రమన్నమాట. జంటగా తిరిగే తోటి నక్షత్రం నుంచి వాయువు లాక్కుని, అయస్కాంత బలంతో తన ధ్రువాల మీద పోసుకుంటుంది. అది గిర్రున తిరుగుతుంటే వెలుగు ఒక లెక్క ప్రకారం హెచ్చుతగ్గులవుతుంది. ఒక్క రకం కాంతిలో చూస్తే నమ్మకూడదు. నీలంలో, ఎరుపులో, రేడియోలో, ఎక్స్ కిరణాల్లో కూడా చూడాలి. ఎక్స్ కిరణాలకు ఉపగ్రహం కావాలి, అది జగ్గయ్యపేట బజార్లో దొరకదు. రేడియోకి మాత్రం మావయ్య ట్రాన్సిస్టరుంది.

పొద్దుగూకగానే ఒక చుక్కకి గురిపెట్టాను. వెలుగు కాసేపు తగ్గింది, కాసేపు పెరిగింది, మళ్ళీ తగ్గింది! నీలం అద్దం పెట్టినా అంతే, ఎర్ర అద్దం పెట్టినా అంతే. తగ్గినప్పుడల్లా ట్రాన్సిస్టరు గరగరమంటోంది!

"మావయ్యా, దొరికింది!" అని అరిచాను.

"ఏంట్రా, తేలా?"

"నక్షత్రం! మూడు రకాల కిరణాల్లోనూ ఒకే ఆట ఆడుతోంది!"

ఆలూ లేదు చూలూ లేదు, చుక్కకి మావయ్య పేరు పెట్టేశాను. సీటు ఎవరి చేతిలో ఉందో ఆ హైదరాబాదు ప్రొఫెసరు గారికి టెలిగ్రాం కొట్టాను. ఆయన నిజంగానే బస్సు దిగారు.

మావయ్య నాటుకోడి కూరతో భోజనం పెట్టించాడు. తర్వాత నేనూ ప్రొఫెసరు గారూ షెడ్డెక్కాం.

"ఏదయ్యా?"

"ఇప్పుడు తగ్గుతుందండి."

తగ్గలేదు.

"ఇదుగో, ఇప్పుడండి!"

ఊహూ! పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా బిగుసుకు కూర్చుంది. నాన్న కొట్లో మిర్చి ఘాటు అప్పుడే నా ముక్కుకి తగిలింది.

కిందనుంచి మావయ్య కేకేశాడు. "ప్రొఫెసరు గారూ, ప్రశాంతంగా ఉందాండీ? తమకి చప్పుడు ఇబ్బందని మోటారు ఆపేసా!"

ప్రొఫెసరు గారు మెల్లగా తల తిప్పారు. "మోటారు రోజూ నడుస్తుందాండీ?"

"మెట్ట బావి కదండీ. కాసేపు తోడితే నీళ్ళయిపోతయ్. ఆపి, ఊట ఊరాక మళ్ళీ వేస్తాం. మావాడు చుక్కలు చూసిన రోజూ అంతేనండి."

"ఒక్కసారి వెయ్యండి."

మోటారు బుర్రుమంది. నా మీటరుకీ కరెంటు ఆ షెడ్డు బోర్డు నుంచే. వోల్టేజీ పడిపోయింది, నా నక్షత్రం నీరసించింది, ట్రాన్సిస్టరు గరగరమంది. చుక్క దొరికిన రోజు ఆ మోటారు చప్పుడు నీకు వినబడలేదా అంటారా? వినబడింది. చూసేవాడికి చెవులతో పనేమిటని వదిలేశాను.

ఆయన టెలిస్కోపుని పక్క చుక్కకి తిప్పారు. అదీ నీరసించింది. ఆ పక్కదీ అంతే. కృష్ణా జిల్లా ఆకాశం మొత్తానికి ఒకేసారి జబ్బు చేసింది.

"పక్క చుక్కని ఒక్కసారైనా చూశావా?"

"లేదండి." సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన నవ్వాపుకోలేక షెడ్డు మీదే కూలబడ్డారు. "నువ్వన్నది నిజమేనయ్యా, ఇది జంటే! ఒకటి పైనుంది, రెండోది ఐదు హార్స్ పవరుతో బావిలో ఉంది!"

సీటిచ్చారు లెండి. ఇంత కష్టపడి పొరపాటు చేసేవాణ్ణి కళ్ళెదుట పెట్టుకోవడమే క్షేమమన్నారు.

ఆనాడే సకల కిరణాల సాక్షిగా ఒట్టేసుకున్నాను. పక్క చుక్కని పలకరించకుండా ఏ చుక్కనీ పొగడను. పొగడాల్సి వస్తే, తప్పు నాదో చుక్కదో తేల్చుకోవడానికి ముందు మావయ్యకి కబురు పెడతాను, మోటారు ఆపమని కాదు, వెయ్యమని.