దెయ్యాలకు వంకలు పెట్టే బాబాయి

బాబాయికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఫోనులో దెయ్యం కథలు పెట్టుకుని, వాటిని చదివే గొంతులకు వంకలు పెట్టడం.

కర్టెన్లు కుట్టడం ఆయన పని. ఒంటరి మనిషి. ఒక కుట్టుమిషను, గుట్టలుగా గుడ్డ, కిటికీలో ఫోను. అదే సంసారం. కిటికీ బార్లా తెరిచి, ఫోను ఎంత అరవగలదో అంతా అరిపించి, మిషను తొక్కుతూ వినేవాడు. పాడుబడ్డ బంగళాలో తలుపు కిర్రుమందంటే చాలు, మిషను ఆగిపోయేది.

"అది కిర్రుమనడమా? ఆవలింతలా ఉంది! నిద్ర చాలకపోతే పడుకోవయ్యా, కథెందుకు చదువుతావు?" అని ఫోనుని నిలదీసేవాడు. "చచ్చి ఇన్నేళ్లయినవాడు మెట్లెక్కుతుంటే ఆ వగర్పేంటి? దెయ్యానికి ఆయాసం వస్తుందా?"

"ఎందుకు రాదూ?" అని గోడ అవతలి నుంచి జవాబొచ్చేది. "బతికున్నప్పుడు ఉబ్బసమేమో!"

"ఉబ్బసమని కథలో చెప్పలేదు!"

"మీరు చెప్పనిస్తేగా!"

గోడ అవతలిది టీచరమ్మ. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చూపు మసకబారి అక్షరాలు అలుక్కుపోయాక, తలుపు మూసుకుని కూర్చుంది. ఎవరైనా చదివి వినిపిస్తామని వస్తే, "నేనేమైనా ఒకటో తరగతి పిల్లనా?" అని గుమ్మంలోంచే పంపేసేది.

బాబాయి అన్న కూతురు ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. సెలవు దొరికితే ఆయన్ని చూడటానికి వస్తుంది. ఒకసారి అలా వస్తుంటే పై అంతస్తు ఆవిడ మెట్ల మీదే పట్టుకుంది. "మీ బాబాయి దెయ్యాల పుణ్యమా అని మా పిల్లలు పట్టపగలు కూడా బాత్రూముకి తోడు రమ్మంటున్నారమ్మా!"

అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. వచ్చిన దారినే బజారుకెళ్లి హెడ్‌ఫోన్లు కొనుక్కొచ్చింది.

"చెవులకి పెట్టుకో బాబాయ్. నీ దెయ్యం నీకొక్కడికే వినపడుతుంది."

"నాకొక్కడికేనా?" అన్నాడు బాబాయి, మొహం పాలిపోయి. అయినా తెచ్చిన పిల్ల చిన్నబుచ్చుకుంటుందని తగిలించుకున్నాడు.

గది మూగబోయింది. మిషను కదల్లేదు. గోడ అవతల కూడా అలికిడి లేదు. ఆ ఇల్లు అంత ఖాళీగా ఉంటుందని అమ్మాయికి అంతవరకూ తెలియదు. బాబాయి వైపు చూస్తే నుదుటి మీద చెమటలు.

గబుక్కున హెడ్‌ఫోన్లు లాగేసింది. "ఏమైంది బాబాయ్? గుండెలో నొప్పా?"

"నొప్పి కాదే, భయం," అన్నాడు గొంతు తగ్గించి. "చిన్నప్పట్నుంచీ నాకు దెయ్యాలంటే చచ్చేంత భయం."

"మరి వినడమెందుకు?"

బాబాయి గోడ వైపు చూశాడు. "ఆవిడ కోసం. చదివి పెడతానంటే ఒప్పుకోదు. గోడలోంచి దానంతటదే వినపడితే అది ఎవరి దయా కాదుగా! ముందు వంటల పుస్తకం పెట్టాను, పలకలేదు. ప్రేమకథ పెట్టాను, ఊహూ. దెయ్యం కథ పెట్టి, గొంతు బాగాలేదని తిట్టేసరికి, 'బాగానే చదువుతున్నాడు కదండీ!' అని ఒక్క అరుపు అరిచింది. ఆ వారంలో ఆవిడ నోటెంట వచ్చిన మొదటి మాట అదే అయ్యుంటుంది."

ఆ వారంలో బాబాయి విన్న మొదటి మాట కూడా అదే అయ్యుంటుందని అమ్మాయికి తోచింది.

అంతలో తలుపు చప్పుడైంది. అమ్మాయి వెళ్లి తీసింది. గోడ తడుముకుంటూ వచ్చిన టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"మీ బాబాయిగారు కులాసాయేనా? ఇవాళ తిట్లు వినపడలేదు," అంది. జవాబు వినకుండానే అమ్మాయి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "నీతో చెప్తున్నా, ఆయనతో అనకు. నాకీ దెయ్యాలూ భూతాలూ అస్సలు పడవు. కానీ మీ బాబాయిగారు ఉత్త పిరికివారమ్మా. తిడుతున్నప్పుడు గొంతు వణికిపోతుంటుంది. ఒక్కరే వింటున్నారు కదా, ధైర్యంగా ఉంటుందని నేనూ ఒక మాట కలుపుతున్నాను."

అమ్మాయి పొంగుకొచ్చే నవ్వుని మింగేసి, టీచరమ్మను లోపలికి నడిపించుకొచ్చి కూర్చోబెట్టింది.

"బాబాయ్, ఈ బంగళా కథకి రెండో భాగం కూడా ఉందట. పెట్టనా?"

బాబాయి గుటక వేశాడు. టీచరమ్మ నిట్టూర్పు ఆపుకుంది.

"పెట్టు, పెట్టు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.