బరువు తగ్గని రాయి: మదనపల్లె నుంచి కుప్పం దాకా

ఉదయం ఆరూ ఇరవైకి మదనపల్లెలో కుప్పం బస్సు ఎక్కాను. బోర్డు మీద ఆరు గంటలని ఉంది. బోర్డుకూ బస్సుకూ ఉన్న తేడా ఎవరికీ పట్టలేదు కనుక నేనే డైరీలో రాసుకున్నాను. నా సంచిలో ఒక పరిశోధన గ్రంథమూ, దాని మీద నేను రాసిన నాలుగు పేజీల అభ్యంతరాలూ ఉన్నాయి. గ్రంథం గుడుపల్లెకు చెందిన రమాదేవిది. పదకొండు గంటలకు కుప్పంలో ఆమెకు మౌఖిక పరీక్ష, పరీక్షకుణ్ణి నేను. ఆమెది తాత్కాలిక అధ్యాపక ఉద్యోగం, ఈ పట్టా వస్తేనే అది నిలుస్తుంది. ఈ సంగతిని ముగ్గురు వేర్వేరుగా ఫోన్ చేసి నాకు చెప్పారు, భౌతికశాస్త్రానికి దానితో ఏదో సంబంధం ఉన్నట్టు.

న్యూట్రాన్లు మరీ ఎక్కువైన పరమాణు కేంద్రకాలు ఎంతోసేపు బతకవు. అవి విచ్ఛిన్నమయ్యేలోపే అయస్కాంత క్షేత్రమనే బోనులో బంధించి గుండ్రంగా తిప్పుతారు. బరువైనది సెకనుకు తక్కువ చుట్లు తిరుగుతుంది. చుట్ల లెక్క నుంచి ద్రవ్యరాశి తేలుతుంది. విదేశీ ప్రయోగశాలలో రమాదేవి కొలిచిన కేంద్రకానికి ఒకటి కాదు, రెండు బరువులు వచ్చాయి. కొన్ని కేంద్రకాలు, రెప్పపాటులో వేలో వంతు కూడా పట్టకుండా వదిలేయవలసిన శక్తిని, కొన్ని సెకన్లపాటు వదలకుండా దాచుకున్నాయనీ, ఆ శక్తే అదనపు బరువనీ ఆమె వాదన. ఆగి కొలిచేకొద్దీ బరువైన వాటి సంఖ్య తగ్గడం దానికి రుజువట. చాలా బాగుంది. కానీ ఏదో మలినం బోనులో చిక్కి మెల్లగా జారిపోతున్నా ఆ సంఖ్య తగ్గుతుంది. నా నాలుగు పేజీల సారాంశం ఇదే.

ఏడూ ఇరవై ఐదుకు పుంగనూరు. “ఐదు నిమిషాలే, టీ తాగి రాండి,” అని కండక్టరు ప్రకటించాడు. ఆ ఐదు నిమిషాలు నా గడియారంలో పదిహేడు అయ్యాయి. టీకొట్టు దగ్గర ఒకాయన పుంగనూరు ఆవు పాలలో బంగారం ఉంటుందన్నాడు. ఎవరు పరీక్షించారని అడిగాను. టీలో చక్కెర సరిపోయిందా అని ఆయన నన్ను అడిగాడు.

తిరిగి ఎక్కేసరికి నా పక్క సీట్లో సోమల రైతు మునెప్ప, కాళ్ల దగ్గర రెండు పట్టుగూళ్ల సంచులతో కూర్చుని ఉన్నాడు. పలమనేరు మార్కెట్టుకు వెళ్తున్నాడు. గూళ్లు ఆరేకొద్దీ గంటగంటకూ బరువు తగ్గుతాయని డ్రైవరుకు వినబడేలా చెబుతున్నాడు. తగ్గేది గూళ్లో, తప్పు చూపించేది కాటానో ఎలా తెలుసని అడిగాను.

“అందుకే గదా సార్ రాయి పెట్టుకునేది,” అన్నాడు. “గూళ్లు తూచినప్పుడల్లా రాయిని గూడా తూస్తాం. గూళ్లు తగ్గి రాయి అట్లే ఉంటే తగ్గింది గూళ్లే. రాయి గూడా తగ్గిందంటే కాటాకు రోగమొచ్చినట్టు.”

చేతిసంచి తెరిచి ఆ రాయిని చూపించాడు. మార్కెట్టు కాటా మీద కూడా ముందు దాన్నే పెట్టమంటాడట. నేను ఎంతో సంతోషించి, ఏ పని మీద వెళ్తున్నానో ఆయనకు చెప్పి, సోమల రైతుకు తోచిన జాగ్రత్త ఈ పరిశోధకురాలికి తోచలేదని ఐదో పేజీ రాశాను. ఎనిమిదీ నలభైకి ఆయన దిగిపోయాడు.

పదీ ముప్పై ఐదుకు కుప్పం చేరాను. ఇడ్లీ వేడిగా ఉందని హోటలువాడు చెప్పాడు, లేదు.

మౌఖిక పరీక్షకు ఎవరైనా వచ్చి వినవచ్చు కనుక రమాదేవి తల్లి కూడా వెనక వరసలో కూర్చుంది. నేను ఐదో పేజీతోనే మొదలుపెట్టి, రాయి ఉదాహరణతో సహా, గట్టిగా చదివాను. వెనక నుంచి తల్లి గొంతు పక్కామెను అడగడం వినిపించింది: “మా పాప రాయి పెట్టలేదంటాండాడా ఆయప్ప?”

రమాదేవి తన ప్రతిలో చివరి పుటలు తెరిచింది. “మూడో అనుబంధం చూడండి సార్.”

చూశాను. దాదాపు అంతే ద్రవ్యరాశి గల, విచ్ఛిన్నం కాని అయానును అదే బోనులో, అంతే సేపు ఉంచి, ప్రతి కొలతకు ముందూ వెనకా లెక్కించింది. దాని సంఖ్య తగ్గలేదు. బోను కారడం లేదు. నా ప్రతిలో ఆ పుటలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి; నేను ముగింపు దాకా చదివి ఆపేశాను.

“మా ఇంట్లో గూళ్లు తూస్తే పక్కన రాయి ఉండాల్సిందే సార్,” అంది రమాదేవి. “అది లేకుండా తూకం రాయడం నాకు చేతకాదు.”

మరో నలభై నిమిషాలు ఇంకేదైనా తప్పు దొరుకుతుందేమోనని శ్రద్ధగా వెతికాను. ఒక పటంలో అక్షానికి పేరు లేదు. అది చేర్చమని రాసి, పట్టాకు అర్హురాలని సంతకం చేశాను. తల్లి నాకు ఒక డబ్బాలో రాగిముద్ద, చట్నీ ఇచ్చింది. అది నిజంగానే వేడిగా ఉంది.

రెండూ పదికి తిరుగు బస్సు. ఈ దారిలో వెళ్లదలచినవారికి నా సలహా: బోర్డు మీది వేళనూ, కండక్టరు నిమిషాలనూ నమ్మకండి, పరీక్షకుల శ్రద్ధను కూడా కొలిచి చూసుకోండి. పలమనేరులో మునెప్ప ఎక్కాడు. గూళ్ల సంచులు ఖాళీ, రాయి మాత్రం చేతిసంచిలో ఉంది. పొద్దున చెప్పిన పని ఏమైందని అడిగాడు. ఆమె రాయి పెట్టిందనీ, నేనే చూడలేదనీ చెప్పాను.

ఆయన రాయిని ఒళ్లోకి తీసుకున్నాడు.

“సూడాల గదా సార్,” అన్నాడు. “దానికే గదా నిన్ను పిలిసింది.”