రాజవ్వ వేలిముద్ర పైన నేను రాసింది

ఒక కాగితం ఇన్నేళ్లుగా నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. కంచం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది. ఎవరైనా సంతకం పెట్టమంటే గుర్తొస్తుంది. ఇంట్లో వాళ్లకు చెప్పబోయి రెండుసార్లు మాట మార్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. ఇదీ పిరికితనమేనా? అయితే కానీయండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు నేను లక్సెట్టిపేట అవతల, గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో బడిపంతులుగా ఉన్నాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నా భార్య నెలలు నిండి కరీంనగర్‌లో పుట్టింట్లో ఉంది. ఆ ఏడాది ఊరివాళ్లే బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టాలనుకున్నారు. ఇంటింటికీ ఇన్ని బియ్యమో జొన్నలో ఇస్తామన్నారు. అంతవరకు అందరిదీ ఒకటే మాట. పేచీ కూర దగ్గర వచ్చింది.

బెస్తవాడ వాళ్లు వారానికి రెండుసార్లు చేపలు ఊరికే ఇస్తామన్నారు. బడి కమిటీ పెద్ద వద్దన్నాడు. నీచు వండితే కొందరు పిల్లలు లేచి ఇళ్లకు పోతారని, బంతి రెండవుతుందని, పప్పూ చారూ అయితే అందరూ ఒక్కచోట కూర్చుంటారని అన్నాడు. ఆ మాటలో న్యాయమే లేదని ఇవాళ కూడా అనలేను. కానీ నీచు ముట్టని ఇళ్లు ఆ ఊళ్లో ఎన్ని? నాలుగో, అయిదో. ఆ పిల్లలకు వేరే గిన్నెలో పప్పు వండి, అదే బంతిలో వడ్డించలేమా? ఆ ప్రశ్న నాకు అప్పుడే తోచింది. పైకి అడగలేదు.

తాలూకా నుంచి వచ్చిన అధికారి, తల్లిదండ్రులు ఏది కోరితే అది పెట్టండి, వాళ్ల వేలిముద్రలతో కాగితం పంపండి అని చెప్పి వెళ్లిపోయాడు. ముద్రలు తెచ్చే పని నాకు పడింది.

అప్పట్లో మా దగ్గర ఒక రివాజు ఉండేది. చదువురాని వాళ్ల దగ్గర ముందు తెల్లకాగితం అడుగున వేలిముద్రలు తీసుకునేవారు. పైన రాయాల్సింది తర్వాత తీరిగ్గా రాసుకునేవారు. అందరూ అలాగే చేసేవారు, నేనూ అలాగే చేశాను. ఆ పొద్దున నా మనసులో కపటం లేదు. లేదా? లేదనే అనుకుంటున్నాను.

బెస్తవాడలో రాజవ్వ వల ఆరేస్తోంది. మగడు పోయాడు. ఒక్కతే బిడ్డ, గంగు, తొమ్మిదేళ్లది, పుల్లలా ఉండేది. నా తరగతిలో అందరికంటే ముందు గుణింతాలు పట్టుకున్నది ఆ పిల్లే.

"గీ కాయితంల ఏం రాస్తరు సారు?" అని అడిగింది రాజవ్వ.

"పిల్లలకు చేపలు పెట్టాలని రాస్త."

"గట్లయితే నా బిడ్డను బడి మాన్పియ్య. నేను పొద్దుగాల అంగడికి పోతే మాపటికి వస్త. పగటికి దానికెవలు పెడుతరు? చేప లేకుంటే అది ముద్ద ముట్టది సారు. ఉత్త కడుపుతోని ఎట్ల సదువుతది? నా ఎంట తోల్కపోవుడే."

వల తాళ్లకు అరిగి ఆమె బొటనవేలు నున్నబడింది. మొదటి ముద్ర ఉత్త మరకలా పడింది. చీరకొంగుకు తుడుచుకుని మళ్లీ చాపింది.

"జర మీరే ఒత్తుండ్రి సారు. మంచిగ పడాలె."

నేనే ఆమె వేలు పట్టుకుని ఒత్తాను. ఈ చేత్తోనే.

ఆ మధ్యాహ్నం కాగితం పట్టుకుని కమిటీ పెద్ద ఇంటికి వెళ్లాను. మజ్జిగ ఇప్పించాడు. బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఎదురుతిరిగేవాడినేమో, ఎవరికి తెలుసు! కరీంనగర్‌లో తనకు కావలసినవాళ్లు ఉన్నారని, నా ఉద్యోగం సంగతీ బదిలీ సంగతీ చూస్తానని అన్నాడు. తర్వాత కాగితం వైపు చూసి, పైన ఇంకా ఏమీ రాయలేదు కదా పంతులూ అన్నాడు. అంతే. అక్కడే కూర్చుని రాశాను. మా పిల్లలకు బడిలో శాకాహారమే పెట్టాలని మేమందరం కోరుకుంటున్నాము అని. దస్తూరి చాలా అందంగా వచ్చింది.

ఎందుకు రాశాను? నెలలు నిండిన భార్య కోసమా? ఉద్యోగం కోసమా? చాలా ఏళ్లు ఆ రెండూ చెప్పుకుని సర్దుకున్నాను. అసలుది వేరే ఉంది. చేప దొరికితే మూడు పూటలా తినే మనిషిని నేను. ఆ పెద్దమనిషి ముందు నీచు తినేవాళ్ల తరఫున మాట్లాడటానికి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు కోసం ఒక వాడ మొత్తం నోట్లో నా మాట పెట్టాను.

బడిలో పప్పూ చారూ మొదలయ్యాయి. బంతి ఒక్కటే అయింది, కమిటీ పెద్ద అన్నట్టే. గంగు పది రోజులు ఆ బంతిలో కూర్చుంది. అన్నం కెలికి లేచిపోయేది. పదకొండో రోజు రాలేదు. ఆ తర్వాత ఒకసారి లక్సెట్టిపేట దారిలో కనిపించింది, తల్లి వెనకాల, నెత్తిన చేపల గంపతో. నన్ను చూసి ఒక చేత్తో గంప పట్టుకుని రెండో చేత్తో దండం పెట్టింది. నేను సైకిల్ ఆపలేదు.

బదిలీ వచ్చింది. నేను వెళ్లిపోయే రోజు రాజవ్వ బస్సు దగ్గరికి వచ్చింది. టేకాకుల్లో చుట్టిన ఎండుచేపలు నా చేతిలో పెట్టింది.

"మా వాడోళ్లమంత ఏలు పెట్టినం, అయినా మా మాట నెగ్గలే. మీరేం జేస్తరు సారు? మా కోసం ఇల్లిల్లు తిరిగిండ్రు."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. డ్రైవర్ ఇంకా చాయ్ తాగుతున్నాడు. కావలసినంత సమయం ఉంది. నేను పొట్లం తీసుకుని బస్సెక్కాను. కరీంనగర్‌లో మా అత్తగారు ఆ చేపలు వేయించి పెట్టింది. తిన్నాను. రుచిగా ఉన్నాయని మళ్లీ వడ్డించుకున్నాను కూడా.

తర్వాత ఆ ఊరు వెళ్లలేదు. రాజవ్వ ఉందో లేదో తెలియదు. ఇది ఆమె చేతికి అందినా ఆమె చదవలేదు. పక్కన గంగు ఉన్నా, గుణింతాల దగ్గరే ఆగిపోయిన పిల్ల, తనూ చదవలేదు. అలా చేసింది నేనే. క్షమించమని ఎవరిని అడగాలి? మిమ్మల్ని అడగడం లేదు. రాసింది మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదువుకున్నాను. ఈసారి ఒక్క మాట కూడా మార్చలేదు. అంతవరకే గుండె కాస్త తెరిపిన పడింది.