మా కాలనీలో ముత్తమ్మ మీటింగు

సభలంటే నాకు ఒళ్లుమంట. హైదరాబాద్ కొత్తపేటలో మా కాలనీ సంఘానికి ఏళ్ల తరబడి కార్యదర్శిని. ప్రతి సభలోనూ మైకు పట్టుకుని "వేదికను అలంకరించవలసిందిగా కోరుతున్నాము" అని పిలిచింది ఈ త్రినాథరావే. అలంకరించినవాళ్లలో ఒక్కరైనా కింద కూర్చున్నవాళ్ల మాట విన్న పాపాన పోలేదు. దండలు, శాలువాలు, ఫొటోలు అయ్యేవి. చివరికి "ఇక ప్రజలు తమ సమస్యలు చెప్పుకోవచ్చు" అనేసరికి ప్రజలు అన్నాలకు లేచి వెళ్లిపోయి ఉండేవారు. అలాంటి నన్ను నోరు తెరుచుకుని చూసేలా చేసిన సభ ఒకటుంది. అది ముత్తమ్మ పెట్టిన సభ.

ముత్తమ్మది నల్గొండ పల్లె. పెళ్లయిన కొత్తలో భర్త దశరథతో ఇటు వచ్చింది. ఆయన లారీ నడిపేవాడు. ఆవిడ గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్లో ఒక కమీషన్ దుకాణం తరఫున బత్తాయి వేలం దగ్గర నిలబడేది. వేలంలో గోల సంగతి తెలిసిందే, అందరూ ఒకేసారి అరుస్తారు. ఎవరు ఎంతకు పాడారో వాళ్ల పేరు పెట్టి, గట్టిగా తిరిగి అప్పజెప్పడం ఆవిడ పని. అలా నలుగురి ముందూ పేరుతో సహా అప్పజెప్పాక, నేనలా అనలేదని ఎవరూ తప్పుకోవడానికి ఉండదు. అందులో ఆవిడ గొంతు మార్కెట్ అంతటికీ పరిచయం.

తర్వాత మా డివిజన్ కార్పొరేటర్ సీటు ఆడవాళ్లకు కేటాయించారు, ముత్తమ్మ నిలబడి గెలిచింది. పెత్తనం దశరథ చేస్తాడు, సంతకాలు ఈవిడ పెడుతుంది అనుకున్నాం. లోకంలో జరిగేది అదే కదా! దశరథ మాత్రం తన లారీ తాను నడుపుకున్నాడు. పెత్తనమూ సంతకమూ రెండూ ఆవిడే చేసింది. తెలంగాణ ఉద్యమంలోనూ ఆవిడ ముందు వరసలోనే ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో ధర్నా అయితే రోడ్డు మీద కూర్చునేది, నడిరోడ్డు మీద వండుకు తినే వంటావార్పు అయితే పొయ్యి వెలిగించేది.

రెండువేల పదకొండు వేసవిలో మా రెండో వీధి మంచినీళ్ల పైపు పగిలి, మురుగు కలిసిపోయింది. ఆ వీధిలోనే అమలాపురం నుంచి వచ్చి స్థిరపడిన వెంకాయమ్మగారుంటారు. ఆవిడ భర్త భానుమూర్తిగారికి పచ్చకామెర్లు వచ్చి, తగ్గినట్టే తగ్గి, మళ్లీ తిరగబెట్టాయి. ఆ నీళ్లు మారకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. కొత్త పైపు ఆ ఏడాదికి ఒక్క వీధికే మంజూరైంది. అది ఏ వీధికో ఆదివారం అందరి ముందే తేలుద్దామని ముత్తమ్మ సభ పెట్టింది.

మా సంఘం అధ్యక్షుడు గంగాధరరావుగారికి ఆ రోజుల్లో కంటి మీద కునుకు లేదు. మాలాంటి కోస్తావాళ్లం బస్సులో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునే కాలం అది.

"మనవాళ్లెవరూ నోరు విప్పొద్దు. యాస వినగానే ఎవడో ఒకడు లేస్తాడు" అన్నారాయన.

అంతటితో ఊరుకోలేదు. వేదిక వెడల్పున 'జై తెలంగాణ' బ్యానర్ రాయించమన్నారు. ఉద్యమ నాయకులందరినీ వేదిక మీదికి పిలవమన్నారు.

"నీళ్ల సభకి ఇదంతా ఎందుకండీ?" అన్నాను.

"రక్షణకి!" అన్నారు.

సభకు ముందురోజు ముత్తమ్మ కాలినడకన వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. వెంకాయమ్మగారింట్లో గడప దగ్గరే కూలబడి, "అమ్మా, జర మంచినీళ్లియ్యి" అంది.

వెంకాయమ్మగారు లోపలికి వెళ్లి, పాల గ్లాసుతో వచ్చారు.

"నీళ్లడిగిన గదమ్మా."

వెంకాయమ్మగారికి కళ్లనీళ్లు తిరిగాయి. "ఇంటికొచ్చిన మనిషికి ఆ నీళ్లెలా ఇవ్వనండీ?"

ముత్తమ్మ పాలు తాగి గ్లాసు కింద పెట్టింది. "రేపు మీటింగుల గీ ఒక్క మాట చెప్పుండ్రి."

"నేనా! అమ్మో, మా మాట వింటే కేకలేస్తారండీ."

"నేనుంట గదా" అంది ముత్తమ్మ.

అక్కణ్నుంచి సభ జరిగే ఖాళీ స్థలానికి వచ్చాం. నన్ను మైకులో మాట్లాడమని, తాను పోయి చిట్టచివరి కుర్చీలో కూర్చుంది. నేను నా పాత పాఠం అందుకున్నాను.

"ఏం ఇనొస్తలేదు సారూ! గీడ కూసున్నోళ్లకు ఇనరాకపోతే మాట్లాడి ఏం ఫాయిదా?" అని అరిచి, మైకు అబ్బాయితో వెనక ఇంకో స్పీకర్ పెట్టించింది. ఆ తర్వాతే బ్యానర్ వైపు చూసింది.

"మంచిగ రాయించిండ్రు. భయపడి కట్టిండ్రా సారూ?"

నేను బ్యానర్ తాడు సర్దబోయాను.

"రేపు పొద్దుగాల చౌరస్తల వంటావార్పు ఉంది. గాడ కడదాం. గీడ నీళ్ల ముచ్చట, నీళ్ల ముచ్చటే మాట్లాడుకుందాం" అంది. తన ఉద్యమం బ్యానర్ తానే విప్పించే నాయకురాలిని నేను అప్పుడే చూశాను, మళ్లీ చూడలేదు.

ఆదివారం సాయంత్రం నేను అలవాటు కొద్దీ "వేదికను..." అన్నానో లేదో, "అలంకారం వద్దు సారూ" అని ముత్తమ్మ చెయ్యి ఊపింది. కుర్చీలు కిందికి దింపించి, నీళ్ల ఇంజనీరును జనానికి ఎదురుగా కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుంది. మేం తెచ్చిన శాలువాలు అలాగే సంచిలో ఉండిపోయాయి. మైకు మొదట వెనక వరసలోని ఆడవాళ్లకు ఇవ్వమంది. అలా అది వెంకాయమ్మగారి చేతికొచ్చింది.

"అందరికీ నమస్కారమండీ. మాది రెండో వీధండీ..."

మధ్యలోంచి మహేష్ అనే కుర్రాడు లేచాడు. "ఆంధ్రోళ్లకు గీడ ఏం పని? పొమ్మనుండ్రి!"

ఈలలు పడ్డాయి. గంగాధరరావుగారు కళ్లు మూసుకున్నారు. వెంకాయమ్మగారు మైకు పక్కావిడకు ఇచ్చేయబోయారు. ముత్తమ్మ లేచింది. ఉపన్యాసం ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. కుర్చీల మధ్యలోంచి నడిచి వెళ్లి, ఆవిడ పక్కన నిలబడి, మైకు తాను పట్టుకుంది.

"మహేష్, నీ మాట ఇన్న. ఎన్క మాట్లాడుకుందాం. గిప్పుడు అమ్మ చెప్తది."

అంతే. వెంకాయమ్మగారు చెప్పినంతసేపూ ముత్తమ్మ ఆ మైకు కదలకుండా పట్టుకుని నిలబడింది.

తర్వాత ఒక్కొక్కరే మాట్లాడారు. ఒకాయన పార్కు కావాలన్నాడు. "జాగ లేదు. గది నాతోని కాదు. చేస్త అని చెప్పి మిమ్ముల తిప్పుకోను" అంది. కాదు అనే మాట నలుగురి ముందు, మైకులో! చివర్లో వెనకనుంచి దశరథ లేచాడు.

"నాల్గో గల్లీల గూడ గవే నీళ్లు. వాసనకు ముక్కు మూసుకొని తాగుతున్నం. పైపు మాకేయుండ్రి."

ఆ గల్లీలోనే వాళ్లిల్లు. అందరూ ముత్తమ్మ ముఖమే చూశారు. ఆవిడ తలూపి, ఆయన్నూ కూర్చోమంది. అప్పుడు లేచి నిలబడి, వేలంలో లాగా మొదలుపెట్టింది. ఎవరు ఏం చెప్పారో, పేరు పెట్టి, వాళ్ల మాటల్లోనే. చేతిలో చిన్న కాగితం ముక్కైనా లేదు.

"రెండో వీధి వెంకాయమ్మగారు చెప్పింది. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లు ఇవ్వలేకపోతున్నానండీ. మా ఆయన మంచం పట్టారండీ. మీకు దండం పెడతానండీ." ఒక్క 'అండీ' కూడా వదల్లేదు. ఎవరూ నవ్వలేదు.

"మహేష్ చెప్పింది. ఆంధ్రోళ్లకు గీడ ఏం పని, పొమ్మనుండ్రి." ఆగి, అతని వైపు తిరిగింది. "నువ్వన్నది గిదేనా తమ్మీ? ఉంచుకుంటవా, ఎన్కకు తీస్కుంటవా?"

మహేష్ లేచి, తల దించుకుని, "తీస్కుంట అక్కా" అన్నాడు.

"నాల్గో గల్లీ దశరథ చెప్పింది..." అంది. భర్త పేరు ఆవిడ నోట మేం వినడం అదే మొదటిసారి. ఎప్పుడూ "మా ఇంటాయన" అనేది. ఆయన మాటా పొల్లుపోకుండా అప్పజెప్పింది. "రెండు గల్లీలల్ల నీళ్లు ఒక్కతీరే ఉన్నయి. కాని మనిషి మంచంల ఉన్నది రెండో వీధిల. పైపు ముందు గాడికే పోవాలె. కాదన్నోళ్లు లేవుండ్రి."

దశరథ లేవలేదు. ఎవరూ లేవలేదు.

"ఎప్పుడేస్తరు సారూ?" అని ఇంజనీరును అడిగింది.

"త్వరలో..."

"త్వరలో, ఒకటోసారి!" అంది. జనం గొల్లుమన్నారు. ఇక్కడ బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం ఎరగనివాళ్లెవరు? ఇంజనీరు నుదురు తుడుచుకుని, "వానలకు ముందే" అన్నాడు.

"వానలకు ముందే! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" మూడోసారి జనమంతా కలిసి అరిచారు. గంగాధరరావుగారి గొంతు నా చెవి పక్కనే వినిపించింది. ఆయన అంత గట్టిగా అరవడం ఆ ఏడాదిలో అదే మొదలు.

వానలకు ముందే పైపు పడింది. భానుమూర్తిగారు మెల్లగా కోలుకుని వరండాలోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. నేను పలకరించడానికి వెళ్లిన ఒక పొద్దున ముత్తమ్మా వచ్చింది. అదే గడప దగ్గర కూర్చుంది. వెంకాయమ్మగారు అడక్కుండానే కుళాయి నీళ్లు తెచ్చి, రెండు చేతులతో ఇచ్చారు. ముత్తమ్మ గటగటా తాగి, "ఎంత మంచిగున్నయమ్మా" అంది. ఇంకో గ్లాసు అడిగి, అదీ తాగింది. తర్వాత కొంచెం మొహమాటంగా చేతిసంచిలోంచి ఖాళీ సీసా తీసింది.

"జర ఇది నింపియ్యమ్మా. మా ఇంటాయనకు నిన్నటిసంది కడుపుల మంచిగలేదు. మా గల్లీకి పైపు వచ్చే ఏడు గదా."

వెంకాయమ్మగారు సీసా అందుకుని, కళ్లకద్దుకుని కుళాయి వైపు నడిచారు. భానుమూర్తిగారు కర్ర పట్టుకుని లేవబోయారు. నేనూ లేచి నిలబడ్డాను.