పాతెయ్యడమంటే పాతెయ్యడమే

మా చిన్నప్పుడు... ముత్తుకూరులో సండేస్కూలు అయిపోగానే చర్చి వరండాలో గుండ్రంగా కూర్చునేవాళ్లం. మధ్యలో బొమ్మల కార్డులు... రాక్షసులు, మంత్రగాళ్లు, రెక్కల గుర్రాలు.

ప్రతి కార్డు కింద, ఆటలో అది ఏం చేస్తుందో ఇంగ్లీషులో నాలుగు లైన్లు. మాదేమో తెలుగు మీడియం. పాస్టరు గారి అమ్మాయి ఎస్తేరక్క డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని ఒక్కో మాటకీ అర్థం వెతికి చెప్పేది. మా ఆట మాటలన్నీ అట్లా పుట్టినవే. కార్డును వాడేసి అడ్డంగా తిప్పితే 'పడుకోబెట్టడం'. ఎదుటివాళ్ల కార్డు మళ్లీ ఎప్పటికీ ఆటలోకి రాకుండా చేస్తే 'పాతెయ్యడం'.

పాతేసే కార్డు నా దగ్గర ఒక్కటే ఉండేది. మూలలు మెత్తబడిపోయినా నా ప్రాణమంతా దాని మీదే...

పోర్టులో ఇంజనీరు గారబ్బాయి వంశీ కూడా మాతో ఆడేవాడు. ఆటకు కావలసిన కార్డుల్లో సగం వాడి డబ్బాలోవే. ఒక ఆదివారం పందెం వేసుకున్నాం. గెలిచినవాళ్లు ఎదుటివాళ్ల దగ్గర నచ్చిన కార్డు తీసుకోవచ్చు. నేను వాడి పెద్ద రాక్షసుణ్ణి పాతేశాను. వాడు తాపీగా ఇంకో కార్డు వేసి రాక్షసుణ్ణి తిరిగి లేపాడు.

"పాతేసినా గదా, ఎట్టా లేస్తాడు?" అన్నాను.

"ఆ మాట ఇప్పుడు లేదు. కొత్త రూల్సు పుస్తకంలో తీసేసినారు. ఇప్పుడది ఉత్త పడగొట్టడమే. పడితే లేపొచ్చు."

ఎస్తేరక్క వాడి డబ్బాలోంచి ఆ పుస్తకం తీసుకుని చదివింది. వాడు చెప్పింది నిజమే... నాకు ఏడుపొచ్చింది. గెలిస్తే వాడు అడిగేది నా కార్డునే.

అక్క పుస్తకం మూసి వాడి చేతికిచ్చింది. "పుస్తకంలో మారింది. కార్డు మీద మారలేదు గదా. దీని మీద ఏం అచ్చేసినారో ఈడ అదే ఆడతాం."

"అది తప్పక్కా. ఇంక యాడా ఒప్పుకోరు."

"మేం ఇంక యాడ ఆడతాం రా?"

వంశీ డబ్బా సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు... ఆట ఆగిపోయింది. "ఒప్పుకునుంటే ఏం పొయ్యేది?" అని మా తమ్ముడు వారమంతా నన్ను సాధించాడు. నేను మాత్రం ఒప్పుకోలేదు.

పై ఆదివారం అక్క పాత శుభలేఖల కట్ట తెచ్చింది. అట్టలు కత్తిరించి మేమే బొమ్మలు వేసుకున్నాం... తుఫాను, సొరచేప, ఉప్పుగాలి. కింద తెలుగులో మా మాటలే రాసుకున్నాం. రెండేళ్లు ఆడాం ఆ అట్టలతో.

మొన్న అదే ఆట ఫోన్‌లో కనిపించింది. నా కార్డు కూడా ఉంది. బొమ్మ అదే, కింద మాటలు వేరు. "దాన్ని అట్టా అనరమ్మా" అని మా పాప నన్ను సరిదిద్దుతోంది. అనకపోతే పోనీ... నేను అంటాను.

ఇప్పుడు ఫోన్‌లో ఆట మాటలు రాత్రికి రాత్రి వాటంతటవే మారిపోతున్నాయి. కాదని పోట్లాడదామంటే ఎదురుగా మనిషే లేడు... మీ ఆటల్లో మీరు పుట్టించుకున్న మాటలేమిటి? ఎవరు తప్పన్నా సరే, ఇక్కడ రాసిపోండి...